ఫాంటసీ ఆర్పీజీ ఎంచుకోవాలా? పొగడ్తలు పక్కనపెట్టి ఫిర్యాదులు చదవండి

కొత్తగా ఒక ఫాంటసీ రోల్ ప్లేయింగ్ గేమ్ కొందామని ఆడినవాళ్ల అభిప్రాయాలు తిరగేస్తే రెండు మాటలు అడుగడుగునా తగులుతాయి. ఆ లోకంలో మునిగిపోయామని ఒకటి, మెకానిక్స్, అంటే ఆట నడిచే నియమాలు, సరిగా లేవని ఇంకొకటి. మొదటిది చూసి కొనేస్తాం, రెండోది చూసి వెనకడుగు వేస్తాం. నన్నడిగితే ఈ పద్ధతే తలకిందులుగా ఉంది. పొగడ్తలన్నీ ఒక్కలాగే ఉంటాయి: సంగీతం అదిరింది, కొండ మీంచి చూస్తే కళ్లు చెదిరాయి, తెల్లారిందాకా ఆడాను. ఏ గేమ్ పేరు పెట్టినా ఆ వాక్యాలు అతికిపోతాయి. ఫిర్యాదు అలా కాదు. "ఎటు వెళ్లాలో చెప్పి చావదు", "ఎంత దూరమైనా కాళ్లీడ్చుకుంటూ నడవాల్సిందే", "పాచిక పడక మంచి అవకాశం పోయింది" అని ఎవరైనా విసుక్కుంటే, ఆ గేమ్ మనల్ని ఎక్కడ ఆపుతుందో తేటగా తెలిసిపోతుంది. ఒకరిని చిరాకుపెట్టిన ఆ ఆపుడే ఇంకొకరిని ఆ లోకంలోకి లాగుతుంది.

అందుకే ఇక్కడ మార్కులు వేయడం లేదు. పేరున్న కొన్ని గేమ్‌లు తీసుకుని, వాటి మీద ఎక్కువగా వినబడే గోల వెనక ఏ నియమం ఉందో, అది ఎవరికి పడుతుందో, ఎవరికి పడదో చూద్దాం.

దారి ఎవరు చెప్పాలి?

ముందు తేల్చుకోవాల్సింది ఇదే. 2002లో వచ్చిన మారోవిండ్‌లో వెళ్లాల్సిన చోటు మీద బాణం గుర్తు ఉండదు. పని అప్పజెప్పినవాడు నోటితో దారి చెబుతాడు: ఊరు దాటి ఉత్తరానికి వెళ్లు, వంతెన వస్తుంది, అది దాటాక చీలిక దగ్గర ఫలానా వైపు తిరుగు, ఈ ధోరణిలో. అది జర్నల్‌లోకి, అంటే ఆటలోని నోటు పుస్తకంలోకి, ఎక్కుతుంది. దారి తప్పితే జర్నల్ తీసి మళ్లీ చదువుకుని, ఏ బండరాయి దగ్గర పొరపడ్డామో మనమే కనిపెట్టుకోవాలి. దూరప్రయాణానికి సిల్ట్ స్ట్రైడర్ అనే మేడంత పురుగు ఉంటుంది. అదీ కొన్ని ఊళ్ల మధ్యే తిరుగుతుంది. కొంతసేపటికి ఆ ద్వీపం భూగోళం మనకు కంఠతా వచ్చేస్తుంది. ఎవరూ నేర్పకుండానే ఏ ఊరికి ఏది దగ్గరో చెప్పగలుగుతాం.

అదే సిరీస్‌లో 2011 నాటి స్కైరిమ్‌కి వచ్చేసరికి తెర పైభాగాన దిక్సూచి, అందులో గమ్యం గుర్తు. ఒకసారి వెళ్లిన చోటికి మ్యాప్ మీద నొక్కితే చాలు, చేరిపోతాం. చెయ్యి పట్టుకుని నడిపిస్తుందని పాతకాపులు దీన్ని తిట్టిపోస్తారు. "నచ్చకపోతే గుర్తులు ఆపేసి ఆడుకో" అని దానికి ఒక జవాబు తయారుగా ఉంటుంది. ఈ జవాబును నమ్మకండి. గుర్తు ఉంటుందన్న ధీమాతోనే అక్కడి సంభాషణలు రాశారు. "ఫలానా గుహలో నా కత్తి పోయింది, తెచ్చిపెట్టు" అంటారే తప్ప ఆ గుహ ఎటువైపో చాలాసార్లు చెప్పరు. గుర్తు ఆపేస్తే మిగిలేది దిక్కుతోచని తిరుగుడే. 2015లో వచ్చిన ది విచర్ 3 కూడా ఇదే బాపతు. మినీమ్యాప్ (తెర మూలన ఉండే చిన్న మ్యాప్) మీద చుక్కల దారి తీసేస్తే లోకం ఇంకా అందంగా కనిపిస్తుంది గానీ, పని దొరకబుచ్చుకోవడం కష్టం. గుర్తులు లేకుండా ఆడాలని ఉంటే మొదట్నుంచీ అవి లేకుండా అల్లిన గేమ్‌నే తీసుకోవాలి.

స్కైరిమ్ విషయంలో ఒక మధ్యేమార్గం ఉంది: సర్వైవల్ మోడ్. ఆకలి, చలి, అలసట లెక్కలోకి వస్తాయి. మ్యాప్ మీద నొక్కి ఎగిరిపోవడం కుదరదు, గుర్రబ్బండ్లు ఉంటాయి. నిద్రపోతే గానీ లెవెల్, అంటే మన పాత్ర బలం స్థాయి, పెరగదు. గుర్తులు మాత్రం అలాగే ఉంటాయి కాబట్టి దారి తప్పుతామన్న బెంగ లేదు. నడక కావాలి, తికమక వద్దు అనుకునేవారికి ఇది సరిగ్గా అతుకుతుంది.

2022 ఫిబ్రవరిలో వచ్చిన ఎల్డెన్ రింగ్ మూడో దారి తొక్కింది. విశ్రాంతి చోట్ల నుంచి ఒక బంగారు వెలుగు రేఖ లేచి, ప్రధాన కథ ఎటుందో దిక్కు మాత్రం చూపిస్తుంది. క్వెస్ట్ జాబితా, అంటే మనకు అప్పజెప్పిన పనుల పట్టిక, అంటూ ఏదీ లేదు. ఎవరో ఏదో చెప్పి మాయమవుతారు, మళ్లీ ఎక్కడ తగులుతారో మన అదృష్టం. దీని మీద గోల ఎంత పెరిగిందంటే, విడుదలైన మరుసటి నెలలోనే 1.03 ప్యాచ్ అనే దిద్దుబాటులో కలిసిన మనుషుల గుర్తులు మ్యాప్ మీద పడే ఏర్పాటు చేశారు. అయినా జాబితా మాత్రం పెట్టలేదు. పక్కన ఒక నోటు పుస్తకం పెట్టుకుని ఆడటం మీకు సరదా అయితే ఇది పండగ. వారానికి ఒక్క సాయంత్రం మాత్రమే ఆడేవారికి మాత్రం పోయినవారం ఎక్కడ ఆగామో గుర్తు తెచ్చుకోవడంతోనే పొద్దు గడిచిపోతుంది.

ఇక నడక మీదే పందెం కాసిన గేమ్ డ్రాగన్స్ డాగ్మా 2, 2024 మార్చిలో వచ్చింది. తక్షణ ప్రయాణానికి ఫెర్రీస్టోన్ అనే రాయి కావాలి. దుకాణంలో దాని ధర ఆటలోని పదివేల బంగారం, మొదట్లో అది చిన్న మొత్తం కాదు. ఎద్దుబండి ఎక్కొచ్చు. అందులో కునుకు తీస్తే గమ్యం చేరతాం అనుకుంటాం, మధ్యలో రాక్షసులు వచ్చి పడితే బండే తుక్కు కావచ్చు. రాత్రి అంటే నిజంగానే కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. లాంతరుకు నూనె చూసుకోవాలి. దెబ్బలు తిన్నకొద్దీ ప్రాణం గీత గరిష్ఠ మట్టమే దిగిపోతుంది, దాన్ని మామూలు మందులు తిరిగి పెంచలేవు. శిబిరం వేసి పడుకుంటేనో, సత్రంలో దిగితేనో తిరిగొస్తుంది. అంటే ఇంటి నుంచి ఎంత దూరం వచ్చామన్నది ఇక్కడ ఒంటి మీద తెలిసే లెక్క. మధ్యాహ్నం బయల్దేరి, "ఇంకాస్త ముందుకెళ్దాం" అనుకుని, చీకటి పడ్డాక సగం ప్రాణంతో వెనక్కి రావడం ఈ గేమ్‌లో ఎవరూ రాయని కథ. గ్రిఫిన్ అనే రెక్కల మృగం వీపు మీదికి ఎక్కి పొడుస్తుంటే అది మనతో సహా ఎగిరిపోయి, పేరు తెలియని కొండ మీద దించేయడం కూడా అంతే. నడక విసుగన్న ఫిర్యాదు పూర్తిగా నిజం. ఆ నడకే లేకపోతే ఈ గేమ్‌లో చెప్పుకోవడానికి పెద్దగా మిగలదు, ఎందుకంటే ప్రధాన కథ పల్చన.

కత్తి తగిలినట్టు కనిపించి తగలకపోతే

లీనం కావడానికి గ్రాఫిక్స్ కంటే ముఖ్యమైనది ఒకటుంది: కంటికి కనిపించేదీ, లోపల లెక్కలో జరిగేదీ ఒక్కటే కావాలి. మారోవిండ్ మీద ఇరవై ఏళ్లుగా వినబడుతున్న పెద్ద ఫిర్యాదు ఇక్కడిదే. కత్తి ఎదుటివాడి ఒంట్లోంచి దూసుకెళ్లినట్టు కనిపిస్తుంది, లెక్కలో మాత్రం గురి తప్పినట్టు. లోపల ఒక కనిపించని పాచిక దొర్లింది, ఆయుధ నైపుణ్యం తక్కువ కాబట్టి పడలేదు. పైగా అలసట గీత ఖాళీగా ఉంటే ఛాన్స్ ఇంకా పడిపోతుంది. పరిగెత్తుకొచ్చి పోట్లాటకు దిగిన కొత్తవాడికి పీతను కూడా కొట్టలేక ఒళ్లు మండేది అందుకే. మంత్రాలకు చింతకాయలు రాలవంటారు, అక్కడ మంత్రం నోట్లోనే తుస్సుమంటుంది.

తమాషా ఏంటంటే, 2023 ఆగస్టులో వచ్చిన బాల్డర్స్ గేట్ 3 కూడా పాచికల గేమే. బల్ల చుట్టూ కూర్చుని పాచికలతో ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ నియమాలే దానికి పునాది. అయినా దాని పాచికల మీద అంత కోపం లేదు. దెబ్బ వేసే ముందే ఎంత శాతం అవకాశమో చూపిస్తుంది. సంభాషణలో అయితే ఇరవై ముఖాల పాచిక తెర మధ్యలోకి వచ్చి దొర్లుతుంది. ఓడిపోయినా ఎందుకు ఓడామో కళ్లెదుటే ఉంటుంది. చాలక, వరసగా చెడ్డ పాచికలు పడకుండా సర్దే కార్మిక్ డైస్ అన్న ఆప్షన్ మొదట్నుంచీ ఆన్‌లోనే ఉంటుంది. నికార్సైన అదృష్టం కావాలనుకుంటే ఆపేసుకోవచ్చు. కాబట్టి "పాచికల గేమ్‌లు నాకు పడవు" అని మారోవిండ్ చూసి తేల్చుకున్నవారు బాల్డర్స్ గేట్ 3ని మాత్రం విడిగా చూడాలి.

స్కైరిమ్‌లో పాచిక లేదు. కత్తి తగిలితే తగిలినట్టే. అక్కడి తంటా వేరు: కష్టం పెంచితే శత్రువు తెలివి పెరగదు, చర్మం మందమవుతుంది. అన్నిటికంటే కష్టమైన లెజెండరీ స్థాయిలో మన దెబ్బ పావు వంతుకు పడిపోతుంది, వాళ్ల దెబ్బ మూడింతలవుతుంది. నిన్నటి తోడేలే నేడు పది నిమిషాలు చావదు. దానికి తోడు పోరాటం మధ్యలో మెనూ తెరిస్తే లోకం ఆగిపోతుంది కాబట్టి, రాక్షసుడి గొడ్డలి నెత్తి మీద ఉండగానే చీజ్ ముద్దలు పాతిక మింగి ప్రాణం నింపుకోవచ్చు. దుకాణదారు నెత్తి మీద బకెట్ బోర్లించి, వాడు చూడటం లేదు కాబట్టి కొట్టంతా దోచేయొచ్చు. ఇదంతా లోపమని తిట్టేవారెంతమందో, ఇందుకే ఆ గేమ్ అంటే ప్రాణం పెట్టేవారూ అంతమంది. ఏ వస్తువునైనా చేత్తో ఎత్తగలిగే లోకం కాబట్టే బకెట్ నెత్తికెక్కింది.

ఈ వైపు అన్నిటికంటే నిక్కచ్చిగా ఉండేది ఎల్డెన్ రింగ్. మోయగలిగే బరువులో 70 శాతం లోపుంటే మామూలుగా దొర్లుతాం, దాటితే బస్తాలా పడతాం. శత్రువు చెయ్యి ఎత్తిన తీరును బట్టే దెబ్బ ఎప్పుడు దిగుతుందో తెలుస్తుంది. చచ్చినా తప్పు మనదే అన్నది ఎక్కువసార్లు ఒప్పుకోక తప్పదు, మూలలో ఇరుక్కున్నప్పుడు కెమెరా చేసే ద్రోహం మినహా. కష్టం తగ్గించే మీట లేదు. అయితే ఆత్మలను సాయానికి పిలవడం, దారికడ్డం నిలిచిన బాస్‌ను (పెద్ద శత్రువును) వదిలేసి వేరే దిక్కుకు పోయి బలపడి రావడం లాంటివి అందులోని కష్టం తగ్గించే మీటలే. వాటిని వాడటం నామోషీ అనుకునేవారి మాటలు పట్టించుకోకండి.

విచర్ 3 పోరాటం గురించి నా మాట క్లుప్తం: బాగానే ఉంటుంది, అంతే. కథానాయకుడు గెరాల్ట్ లారీలా మలుపు తిరుగుతాడని మొదట్లో గోల పెడితే, ఆ ఏడాదే కదలికకు ప్రత్యామ్నాయ ఆప్షన్ ఇచ్చారు. అరుగు మీంచి దూకినా చస్తాడన్న ఎగతాళి మాత్రం చాలాకాలం నడిచింది. ఎత్తు నుంచి పడితే తగిలే దెబ్బను 2022 డిసెంబరు అప్‌డేట్‌లో తగ్గించారు. కొత్తగా కొనేవారికి పాత ఫిర్యాదుల్లో సగం వర్తించవు. ఏ అభిప్రాయమైనా ఎప్పుడు రాసిందో తారీఖు చూసి చదవడం అందుకే అవసరం.

లోకం మనతోపాటు లెవెల్ పెంచుకుంటే

ఈ సంగతి ఎక్కువమంది పట్టించుకోరు గానీ, కొందరికి ఇదే అసలు తలనొప్పి. 2006 నాటి ఆబ్లివియన్‌లో మన లెవెల్ పెరిగే కొద్దీ దారిదోపిడీ దొంగల ఒంటి మీద కవచాలూ పెరుగుతాయి. చివరికి వేల బంగారం విలువ చేసే గ్లాస్ కవచం తొడుక్కున్న దొంగ ఎదురొచ్చి, వంద నాణేలిస్తావా చస్తావా అని అడుగుతాడు. లెక్క ప్రకారం పోరు సమానంగా ఉంటుంది. లోకం మీద నమ్మకం మాత్రం అక్కడితో పోతుంది. విచర్ 3లో దీనికి వ్యతిరేకం: మనుషులకూ కత్తులకూ లెవెల్ అంకెలు ముందే రాసిపెట్టి ఉంటాయి. కథలో పురాతన కత్తి అన్నది, రెండు ఊళ్లు దాటాక మామూలు సైనికుడి కత్తి ముందు వెలవెలబోతుంది. ఎల్డెన్ రింగ్, మారోవిండ్ రెండూ చాలావరకు ప్రాంతాన్ని బట్టే ప్రమాదం పెట్టాయి. వెళ్లకూడని చోటికి వెళ్తే చుక్కలు చూపిస్తాయి, తిరిగొచ్చి గెలిస్తే ఆ గెలుపు మనదనిపిస్తుంది. బలం పెరిగిందన్న అనుభూతి ముఖ్యమనుకునేవారు ఈ రెంటి వైపే మొగ్గాలి.

కథ పరుగెత్తమంటే, నియమం పడుకోమంటే

బాల్డర్స్ గేట్ 3 మొదట్లోనే మన తలలో ఒక పురుగు పెడతారు. రోజుల్లో రాక్షసులుగా మారిపోతామని అందరూ భయపెడతారు. దాంతో చాలామంది ఆటగాళ్లు నిద్రే మానేసి పరుగులు పెట్టారు. తీరా చూస్తే సహచరుల కథలు సగం శిబిరంలో రాత్రి పడుకున్నప్పుడే బయటపడతాయి! కథ ఒకటి చెప్పి నియమం ఇంకొకటి కోరితే ఇలాగే అవుతుంది. సలహా సూటిగా చెబుతాను: నిశ్చింతగా పడుకోండి. పూర్తి విశ్రాంతికి మామూలు స్థాయిలో 40 ఆహార సరుకులు చాలు, దారిపొడవునా దొరుకుతూనే ఉంటాయి. కళ్ల ముందు మంటల్లో కాలిపోతున్న ఇల్లు లాంటివి ఒకటి రెండు సందర్భాల్లో మాత్రం వాయిదా వేస్తే పని చెడుతుంది.

విచర్ 3లో పెంపుడు కూతురు ప్రాణాపాయంలో ఉంటే తండ్రి ఊరూరా గ్వెంట్ పేకాట ఆడుకుంటూ తిరుగుతాడు. దాన్ని ఎవరూ పెద్దగా తప్పు పట్టకపోవడానికి కారణం ఆ పేకాట అంత బాగుండటమే అనుకుంటాను.

నియమమూ లోకమూ ఒకే మాట మీద నిలబడితే ఎలా ఉంటుందో చూడాలంటే కూడా బాల్డర్స్ గేట్ 3కే రావాలి. శవాలతో మాట్లాడే మంత్రం ఒకటుంది, ఐదు ప్రశ్నలు అడగొచ్చు. మనమే చంపినవాడి శవమైతే నోరు విప్పదు, హంతకుడికి జవాబేంటని. అప్పుడు మారువేషం మంత్రం వేసుకుని, ఇంకో మొహంతో వచ్చి అడిగితే గుర్తుపట్టక చెప్పేస్తుంది. ఈ ఉపాయం మనకు ఏ పాఠంలోనూ నేర్పరు. అలా అయి ఉండాలి కదా అని మనకు తడుతుంది, గేమ్ ఔనంటుంది. మారోవిండ్‌లోనూ ఇలాంటిదొకటి: మొదటి ఊరు దాటగానే ఆకాశంలోంచి ఒక మాంత్రికుడు కేకలు పెడుతూ వచ్చి నేల మీద పడి చస్తాడు. జేబులో మూడు మంత్రపత్రాలు దొరుకుతాయి. ఒకటి చదివి ఎగిరితే మైళ్ల ఎత్తుకు లేస్తాం. దిగేటప్పుడు ఆ మాంత్రికుడికి ఏమైందో మనకూ అదే అవుతుంది, నేల తాకేలోపు రెండోది చదివితే తప్ప.

దీనికి ఎదురుగా 2025 ఫిబ్రవరి నాటి అవౌడ్‌ను పెట్టి చూడొచ్చు. కొట్లాట, ఎక్కడం, దూకడం హాయిగా ఉన్నాయని అందరూ ఒప్పుకున్నారు. ఎదురుగా నిలబడి ఇంట్లో సామాను ఎత్తుకెళ్తున్నా ఊరివాళ్లు నోరెత్తరని అంతే గట్టిగా విసుక్కున్నారు. ఊళ్లలో కాలక్షేపం మీకు అక్కర్లేకపోతే ఆ విసుగును పక్కనపెట్టి కొనుక్కోవచ్చు.

మరి ఏది తీసుకోవాలి?

గుర్తులు లేకుండా వెతుక్కోవడం ఇష్టం, చేతి వేగం మీద నమ్మకం ఉంది అంటే ఎల్డెన్ రింగ్. వెతుక్కోవడం ఇష్టమే గానీ చెయ్యి అంత వేగం కాదంటే, పాత గ్రాఫిక్స్‌ను భరించే ఓపిక ఉంటే, మారోవిండ్. చిన్న బాకు నైపుణ్యం మొదట్లోనే ఎక్కువగా ఉండేలా పాత్రను చేసుకుని, ఆ బాకే వాడుతూ, పోరుకు ముందు నడిచి వెళ్లండి; పైన చెప్పిన కోపం చాలావరకు రాదు.

మంచి కథ కావాలి, మిగతావి ఎలా ఉన్నా సర్దుకుంటాం అనుకుంటే విచర్ 3. కానీ అందులో మీరు గెరాల్టే. నా పాత్ర, నా మొహం, నా పాపపుణ్యాలు అనుకునేవారికి అది ఇరుకు. వాళ్లకు బాల్డర్స్ గేట్ 3 నయం. అయితే అక్కడ ఒక్క పోరాటం అరగంట తినడం మామూలే, నలుగురి సంచుల్లో సామాన్లు సర్దడం అంతకన్నా పెద్ద పోరాటం. ఓడిపోతే వెంటనే పాత సేవ్ తెరిచే అలవాటున్నవారు ఆ గేమ్‌లో సగం మిస్సవుతారు, ఎందుకంటే పడని పాచిక వెనక కూడా వేరే దారి రాసిపెట్టి ఉంటుంది. ఆ అలవాటు మానిపించడానికే అన్నట్టు ఒకే సేవ్‌తో నడిచే ఆనర్ మోడ్‌ను తర్వాత చేర్చారు. మొదటిసారే దాని జోలికి వెళ్లొద్దు.

డ్రాగన్స్ డాగ్మా 2 విషయంలో రెండు హెచ్చరికలు. ఇక్కడ సేవ్ స్లాట్ ఒక్కటే. పాన్‌లనే సహచరులకు సోకే డ్రాగన్స్‌ప్లేగ్ అనే జబ్బును నిర్లక్ష్యం చేసి సత్రంలో పడుకుంటే, తెల్లారేసరికి ఊరు శ్మశానమవుతుంది. వెనక్కి వెళ్లే దారులు తక్కువ. రెండోది, పీసీలో ఊళ్లలోకి అడుగుపెట్టగానే ప్రాసెసర్ మీద బరువు పడి గేమ్ మందగించడం విడుదలప్పుడు పెద్ద గొడవైంది. తర్వాత మెరుగుపరిచారు గానీ, పాత ప్రాసెసర్ ఉన్నవారు ముందే సరిచూసుకోవాలి.

ఇంట్లో ఎప్పుడు ఎవరు పిలుస్తారో తెలియనివారికి ఒక చిన్న మాట. ఎల్డెన్ రింగ్‌లో పాజ్ మీట ఉండదు. బాల్డర్స్ గేట్ 3లో పోరాటం వంతులవారీ కాబట్టి ఎంతసేపైనా లేచి వెళ్లొచ్చు. అన్నిటికన్నా సులువు స్కైరిమే: ఎక్కడైనా ఆపొచ్చు, ఎక్కడైనా సేవ్ చేయొచ్చు, నెల తర్వాత వచ్చినా దిక్సూచి గుర్తుచేస్తుంది.

ఇంకా తేలకపోతే, గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటల ఆట దాటకుండా ఉంటే వెనక్కి ఇచ్చేయొచ్చు. ఆ రెండు గంటల్ని తెలివిగా వాడాలి. ఎల్డెన్ రింగ్‌లో బయటి లోకంలోకి అడుగుపెట్టగానే గుర్రం మీద బంగారు కవచంతో ఒకడు తిరుగుతుంటాడు. వెళ్లి ఢీకొని చావండి. మళ్లీ వెళ్లాలనిపించిందా, చుట్టూ తిరిగి పోవాలనిపించిందా, రెండూ మంచి జవాబులే. ఆపేయాలనిపిస్తే డబ్బు వెనక్కి తీసుకోండి. విచర్ 3లో మొదటి ఊరి చుట్టూ ఉన్న చిన్న పనుల్లో రెండు చేస్తే ఆ గేమ్ రుచి తెలిసిపోతుంది. స్కైరిమ్‌లో మాత్రం మొదటి బండి ప్రయాణం, కోటలోంచి పారిపోవడం చూసి తీర్పు ఇవ్వకండి. బయటపడ్డాక కథను వదిలేసి కనిపించిన మొదటి గుహలో దూరండి. బాల్డర్స్ గేట్ 3లో పాత్ర తయారీ తెరే గంట మింగేస్తుంది, కాబట్టి ముందు సిద్ధంగా ఉన్న ఆరిజిన్ పాత్రల్లో ఒకదాన్ని పట్టుకుని ఓడ దాటి ఒడ్డుకు చేరండి. అట్టిపెట్టుకోవాలని తేలాక కొత్తగా మొదలుపెట్టి, సొంత పాత్ర ముక్కూ చెవులూ తీరిగ్గా దిద్దుకోవచ్చు.